సర్వర్ ఆపేస్తే ఊరేమవుతుంది? ఆన్‌లైన్ ప్రపంచాలు, వాటిలో మసలే జనం

పోయిన వేసవి సెలవుల్లో ఓ సాయంత్రం విశాఖ మద్దిలపాలెంలో మా అక్క ఇంటికి వెళ్ళాను. ఎనిమిదో తరగతిలోకి వచ్చిన తన కూతురు ఫోన్ పట్టుకుని మంచం మీద ముడుచుకుని ఏడుస్తోంది. రోజూ ఆడే ఆట తెరవగానే నోటీసు కనబడిందట. ఫలానా తేదీ నుంచి సర్వర్లు (ఆటను నడిపే కంపెనీ కంప్యూటర్లు) ఆపేస్తున్నామని, ఇన్నాళ్ళూ తోడున్నందుకు కృతజ్ఞతలని. ఆ ఆటలో అది మూడేళ్ళుగా ఒక ఇల్లు కట్టుకుంటోంది. పెరట్లో మామిడి చెట్టు, మేడ మీద సముద్రం వైపు తెరుచుకునే కిటికీ.

"ఆటే కదే, ఇంకోటి వేసుకో" అంది అక్క.

పిల్ల నా వైపు తిరిగింది. "ఇల్లు పోతే పోయింది పిన్నీ. వాళ్ళని మళ్ళీ ఎక్కడ కలుస్తాను?"

వాళ్ళంటే నలుగురు. శ్రీకాకుళంలో ఒకమ్మాయి, తిరుపతిలో ఒకబ్బాయి, షార్జాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఆటలో పెట్టుకున్న పేర్లు తప్ప అసలు పేర్లు దీనికి తెలియవు. రాత్రి తొమ్మిదికల్లా ఆ మేడ మీద కలిసేవారు, అంతే. పిల్ల అడిగిన ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే చట్టం, వ్యాపారం, టెక్నాలజీ, మనుషుల అలవాట్లు అన్నీ అడ్డొచ్చాయి. ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

ఆటకీ, 'ప్రపంచానికీ' తేడా

ఫోన్‌లో ఒంటరిగా పజిల్ ఆడుకుంటే అది ఆట. ఆపేస్తే ఆగిపోతుంది. ఆన్‌లైన్ ప్రపంచం అలా కాదు. అందులో ఒకేసారి చాలామంది ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక రూపం ఉంటుంది, మీరు లాగౌట్ అయి పడుకున్నా అది నడుస్తూనే ఉంటుంది. పొద్దున్న లేచి చూస్తే పక్కింటివాళ్ళు గోడ కట్టేసి ఉండొచ్చు.

ఇది కొత్తగా పుట్టిన సంగతేమీ కాదు. 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు 'మడ్' అనే ప్రపంచాన్ని తయారుచేశారు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. 1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ 'హ్యాబిటాట్' అని బొమ్మలతో ఒకటి నడిపింది. తెర మీద మనిషికి మారుగా కనిపించే బొమ్మను అవతార్ అనడం అలవాటు చేసినవాళ్ళలో దాని రూపకర్తలు ముఖ్యులు. సింహాద్రి అప్పన్న కొండ కింద పెరిగిన మనకు అవతారం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మన మాటే సముద్రాలు దాటి వెళ్ళి, పొట్టి రూపంలో తిరిగొచ్చింది.

ఇక 'మెటావర్స్' సంగతి. 1992 నాటి ఒక ఇంగ్లీషు నవల్లో పుట్టిన మాట అది. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ తన కంపెనీ పేరును మెటాగా మార్చుకోవడంతో ఇంటింటికీ తెలిసింది. స్థూలంగా, ఇలాంటి ప్రపంచాలన్నీ ఒకదానికొకటి కలిసిపోయి, ఒకే అవతార్‌తో అన్నిట్లో తిరగగలిగే రోజు వస్తుందన్న ఊహ. అది ఇంకా ఊహగానే ఉంది. రోబ్లాక్స్ అనే ఆటలో కొన్న చొక్కా మైన్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆటలో తొడుక్కోలేం.

నేల కంపెనీది, ఊరు జనానిది

ముందుగా ఒకటి విడదీసుకోవాలి. ఆన్‌లైన్ ప్రపంచం అని మనం ఒకే మాటతో పిలిచేదాంట్లో రెండు ఉన్నాయి. ఒకటి స్థలం, అంటే సర్వర్లు, కోడ్, బొమ్మలు. రెండోది అక్కడ చేరిన జనం, అంటే వాళ్ళ స్నేహాలు, తగాదాలు, కట్టుబాట్లు, రాత్రి తొమ్మిదింటి అలవాట్లు. మొదటిది కంపెనీ ఆస్తి. రెండోదాన్ని కట్టింది జనం. కానీ చట్టంలోనూ, లెక్కల పుస్తకాల్లోనూ కనబడేది మొదటిదే.

లెక్కేసి చూద్దాం. ఎంవీపీ కాలనీలో ఉండే ఒక అమ్మాయి ఓ ఆటలో నెలకు 200 రూపాయల చొప్పున మూడేళ్ళు ఖర్చుపెట్టిందనుకుందాం. 7,200 రూపాయలు. బట్టలు, సోఫా, పెంపుడు కుక్క. ఇవన్నీ ఆమెవేనా? 'ఒప్పుకుంటున్నాను' అని మనం చదవకుండా నొక్కేసే షరతుల్లో సాధారణంగా ఉండేది, అవి వాడుకోడానికి ఇచ్చిన అనుమతి మాత్రమేనని, కంపెనీ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని. డి-పట్టా భూమికి అమ్మకం మీద ఎన్ని షరతులున్నా సాగు చేసుకునే హక్కు ఉంటుంది, అది పిల్లలకు సంక్రమిస్తుంది. ఆ మాత్రం హక్కు కూడా ఈ సోఫా మీద లేదు.

దీనికి కొంత భిన్నంగా నడిచింది సెకండ్ లైఫ్. 2003లో లిండెన్ ల్యాబ్ మొదలుపెట్టిన ఈ ప్రపంచంలో, జనం తయారుచేసిన వస్తువుల మీద మేధోహక్కులు వాళ్ళకే ఉంటాయని అదే ఏడాది ప్రకటించారు. అక్కడి లిండెన్ డాలర్లను అసలు డబ్బుగా మార్చుకోవచ్చు. ఇరవై ఏళ్ళు దాటినా అది ఇంకా నడుస్తోంది. అయితే ఆ డిజైన్ మీద హక్కు మీదే అయినా, దాన్ని చూపించే సర్వర్ మాత్రం కంపెనీదే. పాట మీద హక్కు మీది, హాలు తాళం వాళ్ళ దగ్గర.

జనం ఉన్న ఊరిని ఎందుకు మూసేస్తారు

"అంతమంది ఆడుతుంటే ఎందుకు ఆపేస్తారు?" అని పిల్లలే కాదు, పెద్దలూ అడుగుతారు. ఇంకో లెక్క. అంకెలు నేను వేసుకున్నవే, తీరు మాత్రం అసలుదే.

ఒక చిన్న ప్రపంచానికి సర్వర్లు, కరెంటు, మోడరేటర్ల (ఆటలో గొడవలు కనిపెట్టి ఆపేవాళ్ళ) జీతాలు, మరమ్మతులు కలిపి నెలకు 4 లక్షలు అవుతుందనుకుందాం. 5,000 మంది తలా 100 రూపాయలు ఇస్తే 5 లక్షలు. బాగానే ఉంది. 1,500 మంది వేరే కొత్త ఆటకు వెళ్ళిపోతే రాబడి మూడున్నర లక్షలకు పడిపోతుంది. ఖర్చు మాత్రం అలా పడిపోదు, పదిమంది ఆడినా ప్రపంచమంతా వెలిగించే ఉంచాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఖాళీ అయిన వీధిలో నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు. స్నేహితులు వెళ్ళిపోతే మిగిలినవాళ్ళూ వెళ్తారు. పోయే మొదటి వెయ్యిమంది వల్ల డబ్బు నష్టం, వాళ్ళ వెనక పోయే రెండో వెయ్యి వల్ల ఊరే నష్టం.

లాభాలున్నా మూతపడొచ్చు, ఆ కంపెనీ దృష్టి ఇంకోచోటికి మళ్ళితే. పిల్లల ప్రపంచం 'క్లబ్ పెంగ్విన్'ను డిస్నీ 2007లో 35 కోట్ల డాలర్లకు కొని, 2017 మార్చిలో మూసేసింది. గూగుల్ 'లైవ్లీ' 2008 జులైలో మొదలై ఆ ఏడాది చివరికే ముగిసింది. వీఆర్ కళ్ళద్దాలతో (కల్పిత లోకాన్ని కళ్ళ ముందు చూపేవి) మనుషులు కలుసుకునే 'ఆల్ట్‌స్పేస్ వీఆర్'ను 2017లో మైక్రోసాఫ్ట్ కొని నిలబెట్టింది, 2023 మార్చిలో తనే ఆపేసింది. మెటా సంగతి తెలిసిందే. వీఆర్ పరికరాలూ మెటావర్స్ పనీ చూసే దాని విభాగం ఒక్క 2024లోనే సుమారు 1,770 కోట్ల డాలర్లు నష్టపోయింది. స్థలం ఎంత ఖరీదు పెట్టి కట్టినా జనం తమంతట తామే వచ్చి చేరరని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

రెండుసార్లు నిర్వాసితులు

విశాఖలో 'నిర్వాసితులు' అనే మాటకు వివరణ అక్కర్లేదు. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ కాలనీలు గాజువాక, పెదగంట్యాడ వైపు ఇప్పటికీ ఉన్నాయి. తరాల భూమి పోగొట్టుకోవడాన్నీ, ఆట పోగొట్టుకోవడాన్నీ ఒకే త్రాసులో పెట్టను, అది తప్పు. కానీ స్థలం పోయాక జనం ఎలా ప్రవర్తిస్తారన్న విషయంలో ఒక ఉదాహరణ నన్ను చాలా రోజులు వదల్లేదు.

'ఊరు' అనే ఒక ఆన్‌లైన్ ప్రపంచం ఉండేది. అవును, పేరు అదే. ఇంగ్లీషులో Uru అని రాసేవారు గానీ మన చెవికి మాత్రం అది ఊరే. 2004 ఫిబ్రవరిలో ఆ ఊరిని మూసేశారు. జనం చెదిరిపోలేదు. గుంపుగా 'దేర్' అనే ఇంకో ప్రపంచానికి వెళ్ళారు, కొందరు సెకండ్ లైఫ్‌లో స్థిరపడ్డారు. అక్కడ తమ పాత ఊరిలోని కట్టడాలను గుర్తున్నంతవరకు మళ్ళీ కట్టుకున్నారు. తమను తాము ఊరు నుంచి వచ్చిన కాందిశీకులమనే చెప్పుకునేవారు. అక్కడున్న పాత కాపురస్తుల్లో కొందరికి ఇంతమంది ఒక్కసారిగా రావడం నచ్చక తగాదాలు కూడా జరిగాయి. సీలియా పియర్స్ అనే పరిశోధకురాలు వాళ్ళ మధ్యే మసలుతూ ఇదంతా నమోదు చేసింది.

తర్వాత 2010 మార్చిలో 'దేర్' కూడా మూతపడింది. రెండేళ్ళకు మళ్ళీ తెరిచారనుకోండి. 'ఊరు' కూడా 2010లోనే అభిమానుల విరాళాలతో నడిచే ఉచిత ప్రపంచంగా తిరిగొచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగా తోచింది, వాళ్ళు కలిసి వెళ్ళగలిగారు అన్నది. ఎందుకు వెళ్ళగలిగారంటే, ఆట బయట కూడా ఒకరి ఆచూకీ ఒకరికి తెలుసు. మా అక్క కూతురికి లేనిది సరిగ్గా అదే.

సామాన్లు వచ్చాయి, చుట్టాలు రాలేదు

మన దగ్గర జరిగిన ఉదంతం చూద్దాం. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్జీ మొబైల్ ఒకటి. అది పూర్తి అర్థంలో ఆన్‌లైన్ ప్రపంచం కాకపోయినా, ఆ లాక్‌డౌన్ రోజుల్లో మన కుర్రాళ్ళకు అడ్డా అదే. గాజువాక కుర్రాడు, దుబాయ్‌లో పని చేసుకునే వాళ్ళ బావ, అమెరికాలో ఎమ్మెస్ చదివే క్లాస్‌మేట్ ఒకే స్క్వాడ్‌లో, అంటే ఒకే జట్టుగా దిగేవారు.

2021 జులైలో పబ్జీకి బదులుగా ఇండియా కోసం ప్రత్యేకంగా బీజీఎంఐ అనే ఆట వచ్చింది. పాత అకౌంట్‌లోని వివరాలను కొత్తదానికి మార్చుకునే వీలు ఇచ్చారు. స్కిన్లు (ఆటలో వేసుకునే వేషాలు) వచ్చాయి. సంపాదించుకున్నవి చాలావరకు చేతికి అందాయి. కానీ ఇది ఇండియాకే పరిమితమైన ఆట. దుబాయ్ బావ పాత ఆటలోనే ఉండిపోయాడు, ఈ కుర్రాడు కొత్తదానిలోకి వచ్చాడు. స్క్వాడ్ విడిపోయింది. వస్తువులను తరలించడం టెక్నాలజీకి తెలిసిన పని. సంబంధాలను తరలించాలని మాత్రం ఎవరికీ తోచలేదు, అలా అడిగే హక్కు ఆడేవాళ్ళకూ లేదు. ఆ బీజీఎంఐ కూడా 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. కంపెనీ నిర్ణయం ఒక్కటే కాదు, ప్రభుత్వ నిర్ణయమూ తలుపు మూయగలదు.

దొంగచాటు సర్వర్ల నుంచి లైసెన్సు దాకా

మూసిన ప్రపంచాన్ని అభిమానులే మళ్ళీ నడిపితే? కోడ్‌ను వెనక నుంచి అర్థం చేసుకుని సొంత సర్వర్ పెట్టుకునేవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు. వీటిని ప్రైవేటు సర్వర్లు అంటారు. చట్టం ముందు చాలావరకు ఇవి కాపీరైట్ ఉల్లంఘనలే.

'సిటీ ఆఫ్ హీరోస్' 2012 నవంబరు 30న మూతపడింది. కొందరు ఏళ్ళ తరబడి దాన్ని రహస్యంగా నడుపుతున్న సంగతి 2019లో బయటపడింది. గొడవ జరిగింది, ఆ తర్వాత కోడ్ బయటికొచ్చి బహిరంగంగానే సర్వర్లు వెలిశాయి. చివరికి 2024 జనవరిలో హక్కుదారు ఎన్‌సీసాఫ్ట్, 'హోమ్‌కమింగ్' అనే అభిమానుల బృందానికి నడుపుకోడానికి లైసెన్సే ఇచ్చింది. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' పాత రూపాన్ని నడిపిన 'నోస్టాల్రియస్' అనే ప్రైవేటు సర్వర్‌ను కంపెనీ 2016లో మూయించింది, 2019లో ఆ పాత రూపాన్ని తానే 'క్లాసిక్' పేరుతో తెచ్చి అమ్ముకుంది. మొదట దొంగతనం అనిపించింది తర్వాత గిరాకీ ఉన్న సరుకని తేలింది.

మ్యూజియంలో భద్రపరచడం వేరే దారి. హ్యాబిటాట్‌ను కాలిఫోర్నియాలోని ఒక మ్యూజియం, అభిమానులు కలిసి తిరిగి నడిచేలా చేశారు. మంచి పని. కానీ ఆర్కే బీచ్‌లో కురుసుర దగ్గర నిలబడితే నాకు ఒకటి అనిపిస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా నేవీలో పనిచేసి 2001లో విరమించిన జలాంతర్గామి అది, ఆ మరుసటి ఏడాది మ్యూజియం అయింది. లోపలికెళ్తే పడకలు, వంటగది, టార్పెడో గొట్టాలు అన్నీ అలాగే ఉంటాయి. సముద్రం మాత్రం బయట ఉంది, సిబ్బంది ఎప్పుడో ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆన్‌లైన్ ప్రపంచాన్ని భద్రపరచినా అంతే. పడవ దక్కుతుంది. అందులో బతికినవాళ్ళ ఆ రోజులు దక్కవు.

'ఆపకండి' అనేవారు, 'కుదరదు' అనేవారు

2014లో వచ్చిన 'ద క్రూ' అనే కారు పందేల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకు కూడా అది తెరుచుకోకుండా పోయింది. దాని మీద రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. దాని తరఫున యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన పౌరుల విజ్ఞప్తి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. చాలామంది అనుకున్నట్టు ఆటలను శాశ్వతంగా నడపాలని వాళ్ళు అడగలేదు. ఆపేటప్పుడు, కొన్నవాళ్ళు ఏదో ఒక రూపంలో ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్ళమంటున్నారు.

కంపెనీల వాదనలోనూ బరువుంది. ప్రైవేటు సర్వర్లలో పిల్లల రక్షణకు, వ్యక్తిగత సమాచారానికి, చట్టవిరుద్ధమైన మాటలకు ఎవరు బాధ్యులు? ఆట పేరు మాది కాబట్టి నింద మా మీదే పడుతుంది అంటారు. ఒక్క ఆటలో వేరేవాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకున్న సంగీతం, సాఫ్ట్‌వేర్ ముక్కలు బోలెడు ఉంటాయి, వాటిని ఇచ్చేసే హక్కు వీళ్ళకు లేదు. మొదటి నుంచీ సర్వర్ మీదే ఆధారపడేలా కట్టినదాన్ని చివర్లో విడదీయడానికి చాలా ఖర్చవుతుంది.

నా వరకు, ఇప్పటికే నడుస్తున్న పాత ప్రపంచాల విషయంలో కంపెనీల మాట చాలావరకు నిజం. కొత్తగా కట్టేవాటికి ఆ సాకు చెల్లదు. పునాది వేసేటప్పుడే వెనక తలుపు పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి కనీసం ఒకటి చేసింది. లైసెన్సు మాత్రమే ఇచ్చే డిజిటల్ వస్తువును 'కొనండి' అని అమ్మేటప్పుడు, అది లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలని చట్టం తెచ్చింది.

మన చట్టాలు ఏ మేరకు పట్టించుకుంటాయి

2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆటలను మూడు రకాలు చేసింది. ఈ-స్పోర్ట్స్, ఆన్‌లైన్ సోషల్ గేమ్స్, ఆన్‌లైన్ మనీ గేమ్స్ (డబ్బు ఒడ్డి ఆడేవి). మూడోదాన్ని నిషేధించింది. శిక్షలు నడిపేవాళ్ళకు, ప్రచారం చేసేవాళ్ళకు, డబ్బు చేరవేసేవాళ్ళకు గానీ ఆడేవాళ్ళకు కాదు. నెలవారీ చందా కట్టి ఆడే ప్రపంచం రెండో రకంలోకి వస్తుంది. అవతార్‌కు చొక్కా కొనడం పందెం కాదు. చిక్కల్లా ఆట నాణేలను మళ్ళీ అసలు డబ్బుగా మార్చుకునే వీలున్న చోట్ల వస్తుంది. డబ్బుతో సమానమైన, డబ్బుగా మారే నాణేలను, టోకెన్లను కూడా చట్టం పణం లెక్కలోకి తీసుకుంటుంది. గెలుపు మీద ఆశతో వాటిని ఒడ్డితే అది మనీ గేమ్ గీత దాటినట్టే. సొంత డిజైన్లు చేసి అమ్ముకునే కుర్రాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. 18 ఏళ్ళు నిండనివారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువుంది. అవి అమల్లోకి వచ్చాక మన డేటా ఏముందో అడగొచ్చు, చెరిపేయమనొచ్చు. కానీ దాన్ని మూటగట్టి ఇంకో చోటికి తీసుకెళ్ళే హక్కు, 2019 నాటి బిల్లులో ఉన్నది, చట్టమయ్యేసరికి లేకుండా పోయింది. బీజీఎంఐ కథలో లోపించింది ఇదే రకం హక్కు. ఆ తీసివేత గురించి జరగాల్సినంత చర్చ జరగలేదని నా బాధ.

డేటా సెంటరు దగ్గరైతే, ఏఐ వస్తే

విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించాక, "ఇక మనకు పింగ్ తగ్గిపోతుంది" అని కుర్రాళ్ళు సంబరపడ్డారు. పింగ్ అంటే మన నొక్కు సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి సింగపూర్ తిన్నగా దాదాపు 2,900 కిలోమీటర్లు, పోయిరావడానికి 29 మిల్లీసెకన్లు. ముంబయి అయితే 11. కేబుళ్ళు వంకర దారుల్లో పోతాయి కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ. ఊళ్ళోనే సర్వర్ ఉంటే ఇదంతా తగ్గే మాట నిజమే. అయితే ఊళ్ళో డేటా సెంటర్ ఉన్నంత మాత్రాన మీరు ఆడే ఆట సర్వర్ అందులో ఉన్నట్టు కాదు. ఎక్కడ పెట్టాలో ఆట కంపెనీ ఇష్టం.

ఏఐ వల్ల వచ్చే మార్పు దీనికంటే లోతైనది. 2025 ఆగస్టులో గూగుల్ డీప్‌మైండ్ చూపించిన 'జీనీ 3', నాలుగు మాటలు రాసిస్తే అందులో తిరగగలిగే ప్రపంచాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది, అప్పటికి కొన్ని నిమిషాల పాటు నిలిచేలా. స్థలం కట్టడం చవకైపోతోందన్నమాట. ఖాళీ వీధుల్ని ఏఐ మనుషులతో నింపడం కూడా సులువే. అది ఒంటరివాళ్ళకు తోడు అని కొందరంటారు, మనుషుల మీద ఆసక్తి చంపేస్తుందని ఇంకొందరు భయపడతారు. నేను రెండోవైపు మొగ్గుతాను. శ్రీకాకుళం అమ్మాయి ఒకరోజు రాకపోతే మా పిల్ల ఎందుకు రాలేదో అని కంగారుపడేది. ఎప్పుడూ రాకుండా ఉండలేని తోడు గురించి ఎవరు కంగారుపడతారు?

పిల్ల మేడ ఇప్పుడెక్కడుంది

నోటీసులో చెప్పిన తేదీకి పన్నెండు రోజులుండగా మా అక్క తనే కూర్చుని, పిల్లతో ఆ నలుగురికీ ఒక మెసేజ్ పెట్టించింది. అమ్మల ఫోన్ నంబర్లు అమ్మలకు ఇప్పించమని. ముగ్గురు తల్లులు మాట్లాడారు. తిరుపతి అబ్బాయి వైపు నుంచి జవాబు రాలేదు.

మైన్‌క్రాఫ్ట్‌లో కంప్యూటర్ మీద ఆడే జావా రకానికి సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని సొంత కంప్యూటర్లో నడుపుకోవచ్చు. ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు రౌటర్ సెట్టింగులతో రెండ్రోజులు కుస్తీ పట్టి, ఇంట్లో పాత పీసీ మీద ఒకటి పెట్టాడు. సముద్రం వైపు కిటికీ ఉన్న మేడ మళ్ళీ లేచింది, ఈసారి చదరపు దిమ్మెలతో. ఆ ప్రపంచమంతా ఒక ఫోల్డర్. ప్రతి ఆదివారం దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాడు. షార్జాలో ఎనిమిదిన్నర, మనకు పది అయ్యేసరికి అందరూ చేరతారు. మద్దిలపాలెంలో కరెంటు పోతే మాత్రం ఊరంతా ఆగిపోతుంది, అక్క ఇన్వర్టర్ బేరం చేస్తోంది. మేడ పక్కన ఇంకో చిన్న ఇల్లు కట్టి, తలుపు తెరిచే ఉంచారు. తిరుపతి అబ్బాయి పేరు బోర్డు మీద రాసి ఉంది.